సవారో కల్లు, వర్డీ బార్లీ

అమెరికా మూలవాసులైన టొహోనో ఓధామ్‌లకు కొత్త సంవత్సరం నడివేసవిలో వస్తుంది. అరిజోనా దక్షిణ భాగంలో, మెక్సికో సరిహద్దును ఆనుకున్న సొనోరా ఎడారి వాళ్ల పుట్టిల్లు. జూన్ నెలాఖరుకు అక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటి మండుతుంది. చినుకు చూసి నెలలై ఉంటుంది. మన వైపు రైతులైతే బావిలోకి తొంగి చూసి నిట్టూర్చే రోజులవి. వాళ్లకు మాత్రం పండ్ల రోజులు. సవారో చెట్లు కాపుకొచ్చేది అప్పుడే.

సవారో కూడా నాగజెముడు కుటుంబానిదే, కానీ నలభై అడుగుల ఎత్తు పెరుగుతుంది. తొలి కొమ్మ వేయడానికే 50 నుంచి 75 ఏళ్లు తీసుకుంటుంది, నూట యాభై ఏళ్లు దాటి బతుకుతుంది. పండు చిటారున కాస్తుంది కాబట్టి కోయడానికి దోటి కావాలి. ఆ దోటిని కూడా చెట్టే ఇస్తుంది. ఎండి కూలిన సవారో లోపల వెదురుబద్దల్లాంటి నిలువు ఎముకలు ఉంటాయి. అలాంటివి రెండు జోడించి కట్టి, కొసన అడ్డంగా ఒక పుల్ల బిగిస్తారు. కత్తి కూడా అక్కర్లేదు. పండు కొసన ఎండి కరుచుకుని ఉన్న పువ్వుతోనే తొక్క చీల్చి, లోపలి ఎర్రటి గుజ్జును బొటనవేలితో తోడుకుంటారు. తొక్కను ఊరికే పారేయరు. ఎర్రటి లోపలి భాగం ఆకాశం వైపు ఉండేలా నేల మీద పరుస్తారు. వానకు పెట్టుకునే అర్జీ అది.

ఒక జూన్‌లో తెల్లవారుజామున అరిజోనాలోని టూసాన్ నగరానికి పడమటి కొండల్లో నేనీ కోత చూశాను. ఎండెక్కకముందే ముగించే పని. పెద్దావిడ ఒకరు దోటి పట్టుకుని కిందినుంచే పండును చిన్నగా తట్టి చూసి, పచ్చిదైతే వదిలేసి పక్కదానికి పోతున్నారు. పక్షులకని కొన్నింటిని చెట్టుకే వదిలేశారు. ఆ పండ్ల మీద పావురాలు అప్పటికే వాలి ఉన్నాయి, వాటి మూతులన్నీ ఎరుపే. నాకూ ఒక పండు పెట్టారు. తీపి తక్కువేమీ కాదు, నల్లటి చిన్న గింజలు పళ్ల కింద గసగసాల్లా నలుగుతాయి.

గుజ్జును నీళ్లలో నానబెట్టి, కాచి, వడకట్టి, మళ్లీ గంటల తరబడి కాచి పాకం పడతారు. గింజలు ఎండబెట్టుకుని పిండి చేసుకుంటారు. పాకంలో కొంత ఊరందరి తరఫునా పెద్దల దగ్గరికి పోతుంది. పాకానికి నీళ్లు కలిపి కుండల్లో పోసి ఒక గుండ్రటి ఇంట్లో పులియబెడతారు. వాళ్ల భాషలో దాని పేరు నవైట్. అమెరికన్లు వైన్ అంటారు గానీ, నా లెక్కలో అది కల్లే. మత్తు తక్కువ, ఆయుష్షు ఇంకా తక్కువ. రెండు మూడు రాత్రులు పులుస్తుంది. ఆ రాత్రులన్నీ లోపల పెద్దలు కుండల వేడి ఎక్కువా తక్కువా కాకుండా కాపలా కాస్తుంటే, బయట ఆడా మగా చేతులు పట్టుకుని మబ్బుల్ని పిలుస్తూ పాడతారు. కల్లు తయారైందంటే ఆలస్యం చేయకుండా తాగేయాలి, లేకపోతే పాడైపోతుంది. కడుపు పట్టనంత తాగి కక్కుకుంటారు. కక్కుకోవడం క్రతువులో భాగమే. మనిషి నిండి కురిస్తే మబ్బు నిండి కురుస్తుందని నమ్మకం.

1930లలో వాళ్ల మధ్య ఉండి ఈ పాటలనూ పద్ధతులనూ రాసుకున్న మానవశాస్త్రజ్ఞురాలు రూత్ అండర్‌హిల్ 1938లో ఒక పుస్తకమే వేసింది. మత ప్రచారకులకూ ప్రభుత్వ అధికారులకూ మాత్రం ఆ క్రతువులో తాగుబోతుతనం ఒక్కటే కనిపించింది. అమెరికాలో మూలవాసులకు మద్యం అమ్మడం ఫెడరల్ చట్టం కింద 1953 దాకా నేరం. ఏడాదికి ఒక్కసారి, ఊరంతా కలిసి, వానకోసం తాగే జనాన్ని పట్టుకుని తాగుడు మానమని చెప్పడం ప్రభుత్వాలకే చెల్లింది.

ఆ కల్లు గురించి నా మనసు పట్టుకున్న సంగతి వేరే ఉంది. అది చెప్పే ముందు నేనెవరో చెప్పాలి. అనంతపురం జిల్లాలో వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కల్యాణదుర్గం, కుందుర్పి వైపు చేలగట్ల మీద తిరిగి తిరిగి చెప్పులరగదీసినవాణ్ణి. కూతురు ఉద్యోగం ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో. మన తెలుగువాళ్లు వేలల్లో ఉంటారక్కడ. పండక్కి పులిహోర, వారాంతానికి క్రికెట్, ఎడారి అన్న ధ్యాసే రాదు. నాకు మాత్రం పాత బుద్ధి పోలేదు. కొత్త ఊరికి పోతే ఏడాదికి ఎంత వాన, ఎప్పుడు పడుతుంది, ఏం వేస్తారు అని అడగందే నిద్ర పట్టదు.

మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్ ఎడారి తర్వాత మాదే అని చెప్పుకుని ఏడుస్తాం. టూసాన్‌లో అందులో సగం, 280 చిల్లర. అదీ రెండు విడతల్లో వస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రాలు ఉరుములతో ఒక్కసారిగా కుమ్మేసే వాన, చలికాలంలో నెమ్మదిగా నానబెట్టే ముసురు. ఇక ఆ కల్లు సంగతి. దాని ముడిసరుకుకు ఎవరూ ఒక్క చెంబు నీళ్లు పోయలేదు. చెట్టు ఎప్పుడో తాగి దాచుకున్న నీటిని, సరిగ్గా తొలి ఉరుముకు ముందు, పండుగా ఇస్తుంది. పండు కోత, పులియబెట్టడం, తాగడం పూర్తయ్యేసరికి విత్తనాల వేళవుతుంది. మత్తు దిగేలోగా చేను పదునవుతుంది. క్రతువు పేరుతో వాళ్లు నడుపుకున్నది ఒక పంట కాలపట్టిక. వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు మేం అచ్చేసి పంచిన కాలపట్టికలను రైతులు ఈ మాత్రం శ్రద్ధగా పాటించిన గుర్తు నాకు లేదు.

వాళ్ల సేద్యాన్ని అక్-చిన్ అంటారు. కొండవాగు మైదానంలోకి దిగి, జోరు తగ్గి, నాలుగు పాయలుగా పరుచుకునే చోట చేను పెట్టుకుంటారు. బావి ఉండదు, చెరువు ఉండదు. జూలై వానకు కొండమీది నీరంతా దిగొచ్చేటప్పుడు కంపతో అల్లిన అడ్డుకట్టలు పెట్టి దాన్ని నెమ్మదింపజేసి చేలోకి మళ్లిస్తారు. నీటితోపాటు ఒండ్రు వస్తుంది, చెట్ల కింది ఆకు చెత్త వస్తుంది, కుందేళ్ల పెంటికలు వస్తాయి. ఎరువు ఖర్చు లేదు. నేల ఆరకముందే మొనదేలిన కర్రతో గుంటలు చేసి మొక్కజొన్న, గుమ్మడి, టెపరీ గింజలు వేస్తారు. మొక్కజొన్న అరవై రోజుల రకం. దానికి అంతకంటే ఎక్కువ గడువు వాన ఇవ్వదు మరి. చలికాలం వచ్చిందంటే ఊరు ఊరంతా ఊటలున్న కొండపాదాలకు మకాం మార్చేస్తుంది. కిందిది చేను ఊరు, పైది నీటి ఊరు. నీళ్లను మనుషుల దగ్గరికి తెచ్చుకునే ఆలోచన వాళ్లకు రాలేదు, మనుషులే నీళ్ల దగ్గరికి నడిచారు.

టెపరీ గురించి రెండు మాటలు చెప్పకుండా పోలేను. అలసందంత గింజ, తెల్లదీ గోధుమరంగుదీ. వేరు లోతుకు పోతుంది. మిట్ట మధ్యాహ్నం ఆకులు ఎండకు అంచు చూపించేలా తిప్పుకుని నీళ్లు మిగుల్చుకుంటుంది. ఒకటి రెండు తడులు చాలు. పాపం కదా అని మరిన్ని నీళ్లు పెడితే తీగ ఏపుగా సాగి కాయే పట్టదు. మన ఉలవకున్న మొండితనమే దీనికీ. పాలపుంతంటే ఆకాశంలో చిందిన తెల్ల టెపరీ గింజలని వాళ్ల కథ. ఇంత పెద్ద గౌరవం మన కందికీ శనగకూ దక్కినట్టు నేను వినలేదు.

ఇరవయ్యో శతాబ్దం నడిమికి ఈ గింజ దాదాపు మాయమైంది. ప్రభుత్వం ఉచితంగా పంచిన మైదాపిండి, పంది కొవ్వు వాళ్ల వంటింట్లోకి వచ్చాయి. వెనకాలే చక్కెర వ్యాధి వచ్చింది. ఓధామ్ జాతుల్లో దాని తాకిడి ప్రపంచంలోనే అతి ఎక్కువైనవాటిలో ఒకటి. ఫీనిక్స్ దక్షిణాన గీలా నది పక్కన ఉండే అకిమెల్ ఓధామ్ పెద్దలు 1970ల చివర రమోనా బటన్ అనే రైతును అడిగారు, ఆ పాత గింజ మళ్లీ పండించమని. ఆమె తండ్రి కట్టిన మట్టి ఇంట్లో పాత పెట్టె ఒకటి ఉంది. దాన్లో గాజు సీసాల్లో తెల్లవీ గోధుమవీ కాసిని గింజలు దొరికాయి. ఇవాళ ఆ ప్రాంతపు దుకాణాల్లో ప్యాకెట్లలో దొరికే టెపరీ చాలావరకు ఆ కుటుంబం పొలాలదే. 1983లో టూసాన్‌లో మొదలైన నేటివ్ సీడ్స్ సెర్చ్ అనే విత్తన సంస్థ కథా ఇలాంటిదే. పెరటి తోటలకు కూరగాయ విత్తనాలివ్వడానికి పోయినవాళ్లను ముసలివాళ్లు అడిగారట, మా తాతలు వేసినవి ఉంటే ఇవ్వండి అని. సంస్థ పుట్టింది ఆ ప్రశ్నలోంచే.

గోధుమ సంగతి త్వరగా చెప్తాను. యూసెబియో కీనో అనే జెస్యూట్ పాదిరి 1687లో ఈ ప్రాంతానికి వచ్చాడు. టూసాన్ దగ్గర శాన్ జేవియర్ మిషన్‌ను 1692లో మొదలుపెట్టాడు. ఆయన తెచ్చిన దేవుడిని ఓధామ్‌లు కొంత తటపటాయిస్తూ తీసుకున్నారేమో గానీ, గోధుమను వెంటనే తీసుకున్నారు. కారణం రుచి కాదు. వాళ్ల పంటలన్నీ వేసవి వానవి. చలికాలపు ముసురుకు పండేది, పాత గింజలు అయిపోయే ఎండాకాలానికి ముందు చేతికొచ్చేది అప్పటిదాకా ఏదీ లేదు. వైట్ సొనోరా అన్న ఆ మెత్తటి తెల్ల గోధుమ ఆ ఖాళీలో సరిగ్గా సరిపోయింది. గీలా నది ఓధామ్‌లు 1860లలో అమెరికా సైన్యానికి లక్షల పౌండ్ల గోధుమ అమ్మారు. ఆ తర్వాత ఎగువన స్థిరపడ్డ తెల్ల రైతులు నదిని మళ్లించుకుపోయారు, అమ్మినవాళ్లే ఆకలితో అల్లాడారు. వాళ్ల నీళ్ల హక్కును చట్టం ఒప్పుకునేసరికి 2004 వచ్చింది.

టూసాన్‌లో బీరు కూడా నది నీళ్ల పక్కనే పుట్టింది. అలెగ్జాండర్ లెవిన్ అనే ప్రష్యా వలసదారు 1860లలో అక్కడ బ్రూవరీ పెట్టాడు. తర్వాత చెట్ల నీడలో బల్లలు వేసి ఒక ఉద్యానవనం కూడా నడిపాడు. అప్పటికి శాంటాక్రూజ్ నదిలో నీళ్లున్నాయి, దాని కాలువల కింద బార్లీ ఉంది. గుర్రాలకూ అదే, మనుషులకూ అదే. 1880 మార్చి 20న రైలొచ్చింది. బయటి ఊళ్ల బీరు చవగ్గా దిగింది. స్థానిక బీరుకు రోజులు దగ్గరపడ్డాయి. మిగిలిన ఊపిరి 1915 జనవరి 1న మద్య నిషేధంతో పోయింది. దేశమంతటికన్నా ఐదేళ్లు ముందే అరిజోనా ఎండిపోయింది.

పులిసిన మొక్కజొన్న ఒకటి యుద్ధానికి కారణమైన కథ కూడా ఈ నేలదే. అపాచీలనే మరో మూలవాసి జనం టిజ్విన్ అని ఒక పానీయం చేసుకునేవారు. మొక్కజొన్నను నానబెట్టి, గడ్డి పరిచిన గుంటలో మొలకెత్తించి, నూరి, కాచి, పులియబెడతారు. రాగి మాల్ట్ తెలిసిన మనకు ఆ పద్ధతిలో సగం తెలిసినట్టే. ఇదీ ఒకటి రెండు రోజుల్లో తాగెయ్యాల్సిందే. వాళ్లను ఉంచిన రిజర్వేషన్‌లో సైన్యం దీన్ని నిషేధించింది. 1885 మే నెల మధ్యలో జెరోనిమోతో సహా నాయకులందరూ లెఫ్టినెంట్ బ్రిటన్ డేవిస్ గుడారం దగ్గరికొచ్చి, మేమందరం తాగాం, ఏం చేసుకుంటావో చేసుకో అన్నారు. ఎంతమందిని జైల్లో వేస్తాడు? తన పై అధికారి జనరల్ క్రూక్‌కు డేవిస్ టెలిగ్రాం రాశాడు. పద్ధతి ప్రకారం అది మధ్యలో కెప్టెన్ పియర్స్ అనే ఆయన చేతుల మీదుగా పోవాలి. ఆయన ఉద్యోగానికి కొత్త. ఏం చేయాలో తోచక ఆల్ సీబర్ అనే పాత కాపును నిద్ర లేపి చూపించాడు. సీబర్ ఆ రాత్రి తనే బాగా తాగి పడుకుని ఉన్నాడు. ఇదంతా మామూలు టిజ్విన్ గొడవ, డేవిస్ చూసుకుంటాడులే అని మళ్లీ ముసుగు తన్నాడు. టెలిగ్రాం బల్లసొరుగులో పడింది, క్రూక్‌కు అందలేదు. మే 17న జెరోనిమో ఆడవాళ్లతో, పిల్లలతో కలిపి వందమందికి పైగా జనాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన చివరికి లొంగింది 1886 సెప్టెంబరులో. ఒక ఫైలు పై అధికారికి పోకుండా మధ్య బల్ల మీద ఆగిపోతే ఏమవుతుందో ప్రభుత్వ ఉద్యోగం చేసిన ఎవరికైనా తెలుసు. ఇంత ఖరీదైన ఆగుడు మాత్రం నేను చూడలేదు.

శాంటాక్రూజ్ నది చావు కూడా ఆ రోజుల్లోదే. సామ్ హ్యూస్ అనే టూసాన్ పెద్దమనిషికి కింది పొలాలకు మరిన్ని నీళ్లు కావాల్సొచ్చాయి. 1888 ప్రాంతంలో నదిగర్భంలో ఊటనీటిని పట్టే లోతు కాలువ ఒకటి తవ్వించాడు. ఎగువ కొసను కట్టుదిట్టం చేయకుండా వదిలేశాడు. 1890 ఆగస్టులో వరదలు వచ్చాయి. కాలువ కొసన నేల తెగింది, ఆ తెగుడు నది వెంట ఎగువకు పాకుతూ పోయింది. వరద తగ్గేసరికి పొలాలతో సమానంగా పారే నది నిలువు గోడల మధ్య లోయలోకి దిగిపోయింది. పాత కాలువల తలలు గట్టు మీద, నీళ్లు పాతాళంలో. ఆపైన మోటార్లు వచ్చాయి. బోర్లు ఎంత లోతుకు పోతే ఊట అంత కిందికి పోయింది. మిషన్ దగ్గరున్న పెద్ద మెస్కీట్ అడవి కూడా వేళ్లకు నీళ్లందక ఎండిపోయింది.

మెస్కీట్ అంటే మనవాళ్లకు తెలియదనుకోకండి. మన సర్కారు తుమ్మకు, సీమలో కంపచెట్టు అని తిట్టుకునే దానికి, ఇది దగ్గరి చుట్టం. కంపచెట్టు విత్తనాలు 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. కట్టెల కరువు తీరుతుందని బ్రిటిష్ అటవీ అధికారుల ఆశ. చుట్టాన్ని పిలిస్తే ఇల్లే ఆక్రమించింది. ఇక్కడ ఓధామ్‌లు దాని కాయల్ని దంచి తీపి పిండి చేసుకుంటారు, దుకాణంలో ఆ పిండి ధర చూసి నేను రెండోసారి కళ్లజోడు పెట్టుకున్నాను. మన దగ్గర ఆ కాయలు మేకలు తప్ప ఎవరూ పట్టించుకోరు.

అరిజోనాలో బోర్లు ఇంకిపోతుంటే 336 మైళ్ల కాలువ తవ్వి కొలరాడో నదిని ఎత్తిపోసి తెచ్చారు. దారిలో నీటిని దాదాపు 2,900 అడుగులు పైకెక్కించాలి. 1992లో ఆ నీటిని నేరుగా టూసాన్ కొళాయిలకు వదిలారు. ఊటనీటికి అలవాటైన పాత పైపుల తుప్పు ఊడి, ఇంటింటా గోధుమరంగు నీళ్లు వచ్చాయి. జనం తిరగబడ్డారు. 1995లో ఓటేసి మరీ నేరుగా వదలడాన్ని నిషేధించారు. ఆ తర్వాత ఆ నీటిని పక్క లోయలో ఇంకుడు మడుగుల్లోకి వదిలి, భూమిలో కలిసిన తర్వాత తోడుకోవడం మొదలుపెట్టారు. నీటిని ముందు నేలకు తాపి తర్వాత మనుషులు తాగడమన్నది ఓధామ్‌లు ఎప్పటినుంచో చేస్తున్నదే, కాకపోతే కోట్ల డాలర్లతో.

డాలర్లు లేకుండా చేసినవాడూ ఉన్నాడు. బ్రాడ్ లంకాస్టర్ అని టూసాన్ పాతపేట నివాసి. జింబాబ్వేలో కొండచరియ మీద వాన నీటిని ఇంకించి సేద్యం చేసిన జెఫానియా ఫిరి అనే రైతును 1995లో కలిసి, అదంతా నేర్చుకుని వచ్చాడు. వాన పడితే వీధుల్లో నది పారుతుంది, గట్టు మీద చెట్టు ఎండుతుంది. ఆయన రోడ్డు అంచు సిమెంటు గట్టును కోసి, వీధి నీటిని చెట్టు గుంటలోకి మళ్లించాడు. మొదట్లో అది చట్టవిరుద్ధం, అందుకని ఆదివారాలు చేసేవాడు. తర్వాత నగరమే దాన్ని చట్టబద్ధం చేసింది. 2008లో ఇంకో అడుగు ముందుకేసి, కొత్త వాణిజ్య భవనాలు తోటలకయ్యే నీటిలో సగం వాననుంచే పట్టుకోవాలని నిబంధన పెట్టింది. అమెరికాలో ఏ నగరానికైనా అదే మొదటిది.

ఇక బార్లీ. అరిజోనా నడుమ కొండల్లోంచి వర్డీ అనే నది దిగుతుంది. ఆ రాష్ట్రంలో ఏడాది పొడవునా పారే కొద్ది నదుల్లో ఒకటి. ఆ నీరు చివరికి ఫీనిక్స్ కొళాయిల్లోకి వస్తుంది, అంటే మా అమ్మాయి ఇంటి వైపుకి. క్యాంప్ వర్డీ అనే ఊరి దగ్గర పాత పంట కాలువలున్నాయి. వాటికింద వేసేది ఎక్కువగా అల్ఫాల్ఫా గడ్డి, మొక్కజొన్న. రెండింటికీ దాహం ముదిరేది జూన్‌లో. నది బక్కచిక్కేదీ జూన్‌లోనే. కాలువలు అప్పుడు గుంజితే నది కొన్ని చోట్ల ఎండిపోయి రాళ్లు తేలేది, చేపలు మడుగుల్లో చిక్కుకుపోయేవి.

నేచర్ కన్జర్వెన్సీ అనే పర్యావరణ సంస్థ రైతుల దగ్గరికి పోయి నీళ్లు తగ్గించమని అడగలేదు. అడిగినా ఎవరూ వినరు. వేరే ఏ పంట ఉంటే మీకు జూన్‌లో నీళ్లక్కర్లేదు అని అడిగింది. జవాబు బార్లీ. చలికాలంలో విత్తితే, చలికాలపు ముసురూ మంచు కరిగిన నీళ్లూ నదిలో ఉన్నప్పుడే తాగేస్తుంది. ఎండలు ముదిరేసరికి ఒళ్లు పసుపుబారి కోతకొస్తుంది. జూన్‌లో తూము మూసెయ్యొచ్చు. మొత్తం మీద ఎన్ని నీళ్లు మిగిలాయన్న లెక్క కంటే, నదికి కావాల్సిన నెలలో మిగలడమే ఇందులో కిటుకు.

అయితే బార్లీని పశువుల దాణాకింద అమ్మితే చేతికి ఏమీ రాదు. బీరుకు అమ్మితే వస్తుంది. బీరుకు అమ్మాలంటే మాల్ట్ చేయాలి. గింజను నానబెట్టాలి, తిప్పుతూ గాలి తగిలేలా నాలుగైదు రోజులు మొలకెత్తించాలి, మొలక ముదరకముందే వేడిగాలితో ఆరబెట్టాలి. ఒక పూట ఆలస్యమైతే గింజలోని పిండినంతా మొలకే తినేస్తుంది. అపాచీల గడ్డిగుంటలో జరిగిందీ ఇదే. కాకపోతే ఆ చుట్టుపక్కల అలాంటి కార్ఖానా లేదు. 2016 ప్రాంతంలో చిప్ నార్టన్ అనే స్థానికుడు సినాగ్వా మాల్ట్ పేరుతో క్యాంప్ వర్డీలోనే ఒకటి మొదలుపెట్టాడు. హౌసర్ కుటుంబం పొలాల్లో బార్లీ పండింది. చాండ్లర్ పక్కూరు గిల్బర్ట్‌లో 2013లో తెరిచిన అరిజోనా వైల్డర్‌నెస్ అనే బ్రూవరీ లాంటివి ఆ మాల్ట్ కొన్నాయి. టూసాన్ వైపు బ్రూవరీలు పాత వైట్ సొనోరా గోధుమతోనూ బీరు చేస్తున్నాయి. ఒక బీరుకయ్యే నీళ్లలో సింహభాగం పోయేది బ్రూవరీలో కాదు, చేలో. కాబట్టి గింజ ఏ నెలలో తాగిందన్నది సీసాలోని నీటికన్నా ముఖ్యం.

దీన్ని మరీ పొగడను. అల్ఫాల్ఫా ఎకరాల ముందు బార్లీ ఎకరాలు లెక్కలోకి రావు. అరిజోనా పడమటి లోయల్లో ఒక సౌదీ పాడి సంస్థకు చెందిన కంపెనీ 2014లో దాదాపు పదివేల ఎకరాలు కొంది. ఊటనీటితో అల్ఫాల్ఫా పెంచి, ఓడల్లో సౌదీ ఆవులకు పంపుతోంది. తమ దేశంలో భూగర్భజలం అడుగంటితే గడ్డి సాగు తగ్గించమన్నది అక్కడి ప్రభుత్వం. ఒక ఎడారి నీళ్లను కట్టలు కట్టి ఇంకో ఎడారికి పంపడమంటే ఇదే. 2023లో గవర్నరు ప్రభుత్వ భూముల కౌలు కొంత రద్దు చేసింది. సొంత భూముల్లో బోరు వేసుకుంటే అడిగేవాడు అప్పటికి లేడు.

అయినా బార్లీ కథలో నాకు నచ్చింది, విత్తనానికి ముందే కొనేవాడు కుదరడం. అనంతపురంలో వేరుశెనగ మానండి, కొర్ర వేయండి, సజ్జ వేయండి అని మేం మీటింగుల్లో చెప్పేవాళ్లం. వేసిన రైతు మూటలు తెచ్చి ఆఫీసు ముందు పెడితే మా దగ్గర సమాధానం ఉండేది కాదు.

ఈ సంగతి మొన్న కుందుర్పి వైపు పాత పరిచయస్థుడైన రైతుకు ఫోన్లో చెప్పాను. మొత్తం విని, “బార్లీ మన దిక్కు ఐతుందా సార్?” అన్నాడు.

“కాదప్పా, దానికి మన చలి చాలదు.”

“పోనీ మన కొర్రతో బీరు ఐతుందా?”

“ఆఫ్రికాలో జొన్నతో, సజ్జతో ఎప్పటినుంచో చేస్తున్నారు. కొర్రతోనూ చెయ్యొచ్చేమో.”

కాసేపు ఆలోచించాడు. “సరే గానీ సార్, ఆ కొనేటోళ్లు క్వింటాలుకు ఎంతిస్తారంట?”